రెండో బకెట్‌కి ఇరవై డాలర్లు

ఆ వేసవి మేం టెక్సస్‌లో మొదటి గోధుమ చేలో దిగేనాటికే మా మామగారు ఎల్డన్ ఫోన్ కంపెనీ మీద యుద్ధం ప్రకటించి మూడు వారాలైంది.

వాన రాడార్ చూసుకోవడానికని ఆయన ఒక స్మార్ట్‌ఫోన్ కొన్నాడు. మా కోత ముఠా మొత్తానికి అదొక్కటే. మిగతా మా అందరివీ ఇంటర్నెట్ లేని పాత మడత ఫోన్లు. దుకాణంలో అమ్మే మనిషి అన్నీ చెప్పి, చివర్లో, దీన్ని లాప్‌టాప్‌కి తగిలించి ఇంటర్నెట్ వాడుకోవాలంటే నెలకి ఇంకో ఇరవై డాలర్లని చల్లగా చెప్పాడు. ఎల్డన్ ఆ ముక్క రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"ఇంటర్నెట్‌కి డబ్బు కట్టానుగా?"

"కట్టారండి."

"ఫోన్లో చూసుకుంటే ఏం లేదు, అదే లాప్‌టాప్‌లో చూసుకుంటే ఇరవై. అంతేగా? బావి నాది, నీళ్లు నావి. రెండో బకెట్ ముంచుకుంటే మధ్యలో నీకెందుకయ్యా డబ్బు?"

తన మాట ఎల్డన్‌కే ఎంత నచ్చిందంటే, కాన్సస్ నుంచి టెక్సస్ దాకా డీజిల్ పోయించుకున్న ప్రతి బంకులోనూ, పలకరించిన ప్రతి రైతుకీ ఆ బావి కథ వినిపించాడు. ఒక్క సెంటు ఎక్కువ ఇవ్వనని నాలుగు జిల్లాల్లో చాటి చెప్పిన మనిషిని ఇరవై డాలర్లు ఏ మొహం పెట్టుకుని అడగను? నాకు కావలసింది సరిగ్గా ఆ రెండో బకెట్టే.

నా పేరు రోండా. పన్నెండు వేసవులు ఆ ముఠాకి వంట చేశాను. గోధుమ పండే దారి వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి, మే నెలలో టెక్సస్‌లో మొదలుపెట్టి ఆగస్టుకి మోంటానా చేరతాం. మూడు కోత మిషన్లు, నాలుగు లారీలు, చక్రాల మీద నడిచే ఇళ్లు రెండు. ఎల్డన్, నా మొగుడు లైల్, ముగ్గురు డ్రైవర్లు, నేను. కోత మొదలైందంటే లైల్ కూడా ఆయన్ని నాన్నా అని పిలవడు, బాస్ అంటాడు. చలికాలంలో మళ్లీ నాన్నే. నాకు మాత్రం ఏడాది పొడుగునా బాసే.

అంతకు ముందటేడు ఒక డ్రైవర్ చెయ్యి గొలుసులో పడి చీరుకుపోతే నేను కట్టు కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి నర్సు కట్టు విప్పి చూసి, ఇది ఎవరు కట్టారు, మీరు ఈ పనిలో ఎందుకు లేరు అని అడిగింది. ఊరికే అన్న మాటే. నాకు మాత్రం అది చెవిలో జోరీగలా ఉండిపోయింది. చలికాలమంతా చదివాను. మా ఊరి దగ్గర కాలేజీలో ఆగస్టు నుంచి నర్సింగ్ సీటిస్తామన్నారు, ఒక్క షరతు మీద: జూన్, జూలైల్లో మైక్రోబయాలజీ పాఠం ఇంటర్నెట్‌లో పూర్తి చేసి పాసవ్వాలి. తప్పితే సీటు వరసలో తర్వాతి వాళ్లకి పోతుంది. నాకు ముప్పై ఆరేళ్లు. మళ్లీ ఇంకో ఏడాది ఆగే ధైర్యం నాకు లేదని నాకే తెలుసు.

ఈ సంగతి లైల్‌కి తెలుసు. ఎల్డన్‌కి తెలీదు. చెప్పలేకపోయాను. మా అత్తగారు పోయాక, రోండా వండినంతకాలం నేను రిటైరవ్వను అని ఆయన అందరితో అనేవాడు. నేను వెళ్లిపోతానని చెప్పడం, ఇక మీరు మిషను దిగండి అని చెప్పడంతో సమానం. నా పేరున ఇంకో ఫోన్ తీసుకుందామంటే రెండేళ్ల ఒప్పందం, పైగా ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? ఆయన ఖాతాలో ఆ ఇరవై నేనే కట్టుకుందామన్నా ఖాతాదారు ఒప్పుకోవాలి.

అందుకని దొంగదారి పట్టాను. ఫోన్లో ఒక చిన్న ఉచిత ప్రోగ్రాం వేసుకుంటే, తీగతో లాప్‌టాప్‌కి తగిలించినప్పుడు కంపెనీకి తెలియకుండా ఇంటర్నెట్ వస్తుందని మా క్లాసులోనే ఒకావిడ చెప్పింది. వేశాను, వచ్చింది. తప్పేనని తెలుసు. కానీ ఎల్డన్ బావి వాదం పన్నెండుసార్లు విని విని, నాకూ అదే న్యాయమనిపించడం మొదలైంది.

ఇక చిక్కల్లా ఫోన్ చేతికి చిక్కడమే. పగలంతా అది ఎల్డన్ చొక్కా జేబులో ఉండేది. మైక్రోబయాలజీ మేష్టారేమో పరీక్ష ప్రతి బుధవారం పన్నెండు నుంచి ఒంటిగంట వరకే తెరిచేవాడు, రాయడానికి పాతిక నిమిషాలు. సరిగ్గా చేలో భోజనాల వేళ. నేను పికప్ బండి వెనక తలుపు దించి దాని మీద వంటలు పరిచేదాన్ని. ఎల్డన్ చేతులు కడుక్కుని, ఫోన్‌ని ఛార్జింగ్ కోసం పికప్ ముందు సీట్లో పడేసేవాడు. కానీ మా వాళ్లు తినేది పది నిమిషాలు. మిషన్లు ఊరికే నిలబడితే వాళ్లకి ముద్ద దిగదు.

పది నిమిషాలని పాతిక చెయ్యడమెలా? వంటగత్తెకి ఇది లెక్కలోది కాదు.

మొదటి బుధవారం మొక్కజొన్న పొత్తులు పెట్టాను. పదహారు నిమిషాలు పట్టింది. రెండో బుధవారం ఎముకలున్న పంది పక్కటెముకలు, వేళ్లు నాక్కోక తప్పనంత పులుసుతో. ఇరవై ఒకటి. మూడో వారం కాన్సస్‌లో చెర్రీలు దొరికాయి. గింజలు తియ్యకుండా అలాగే చెర్రీ పై, అంటే పండ్లు నింపి కాల్చే తీపి రొట్టె, చేసి పెట్టాను. ఒక్కో ముక్కకి పాతిక గింజలు, ఉమ్మి ఉమ్మి తినాలి. ముప్పై నిమిషాలు. పికప్ ముందు సీట్లో వంగి కూర్చుని నేను బాక్టీరియా రకాలకి సమాధానాలు రాస్తుంటే, వెనక నుంచి టప్ టప్ మని గింజలు గడ్డిలో రాలుతున్న చప్పుడు. వందకి తొంభై రెండు వచ్చాయి.

ఎల్డన్‌కి పన్ను కదిలినంత పనైంది. "వెల్డా గింజలు తీసేది" అన్నాడు మా అత్తగారిని తలుచుకుని.

నాకు తీరిక లేదు బాస్ అన్నాను. అది అబద్ధమేం కాదు.

ఇంకో మార్పు కూడా ఆయన కనిపెట్టాడు. ఎండలో గంట దాటిన బంగాళాదుంప సలాడ్‌ని నేను పారేస్తున్నానని, గరిటెలు మరగబెడుతున్నానని, డ్రైవర్ల గోళ్లు చూస్తున్నానని. పాఠం వంటబట్టింది మరి. ఈ వేసవి నీకేమైంది, వంట కంటే శుభ్రం ఎక్కువైంది అని సణిగాడు గాని, ఆ ఏడు ఎవరికీ కడుపులో తిప్పలేదన్న సంగతి కూడా ఒప్పుకున్నాడు.

జూలై నాలుగో వారానికి నెబ్రాస్కా చేరాం. అక్కడ మా పాత రైతు ఆర్డిస్. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, భర్త పోయాక ఒక్కతే రెండువేల ఎకరాలు నడుపుతోంది. నాలుక కొడవలి కంటే పదును. గురువారం పది నుంచి పన్నెండు దాకా నా చివరి పరీక్ష. అది రెండు గంటలు, మధ్యలో తెగకూడదు. దానికేం వండాలా అని నేను తలపట్టుకుని ఉండగా, శనివారం పొద్దున ఎల్డన్ జేబులో ఫోన్ కుయ్యిమంది.

కంపెనీ నుంచి సందేశం. మీరు ఫోన్‌ని లాప్‌టాప్‌కి తగిలించి వాడుతున్నట్టు మా దృష్టికి వచ్చింది, మానకపోతే అదనపు పథకంలో మిమ్మల్ని మేమే చేరుస్తాం, నెలకి ఇరవై డాలర్లు. ఎల్డన్ దాన్ని పైకి చదివాడు. ఇంకోసారి చదివాడు. లైల్ నా వైపు చూసి టక్కున మిషను కిందకి దూరిపోయాడు, అక్కడ బాగుచెయ్యాల్సింది ఏదో ఉన్నట్టు.

ఎల్డన్ ముఖం మాత్రం వెలిగిపోయింది. మూడు నెలలుగా ఈ తగాదా కోసమే ఎదురు చూస్తున్నాడాయన. దొంగలు దొరికారన్నాడు. లారీ ఎక్కి, సిగ్నల్ బాగా అందేచోట నిలబడి, కంపెనీకి ఫోన్ చేశాడు. గంటా పది నిమిషాలు. చేలో ఆ చివర దాకా వినిపించింది. తనకు డెబ్బై ఒకటి దాటిందని, లాప్‌టాప్ ముట్టనైనా ముట్టనని, నలభై ఆరేళ్లుగా తన మాట మీద అయిదు రాష్ట్రాల రైతులు చేలు అప్పజెబుతున్నారని, తన మనుషుల్లో అలాంటి పని చేసేవాళ్లు ఎవరూ లేరని, కావాలంటే ఒట్టు వేస్తానని చెప్పాడు. ఆఖరికి అవతలి అమ్మాయి నమ్మింది. ఆమె కూడా గోధుమ రైతు కూతురేనట. మీరు అబద్ధం చెప్పే మనిషిలా లేరండీ, ఇకముందు పొరపాటున కూడా ఈ ఛార్జీ పడకుండా ఆ సదుపాయం మొత్తం మా వైపు నుంచే మూసేస్తున్నాను అంది.

ఎల్డన్ లారీ దిగి నడిచొచ్చిన తీరు ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టుంది. పెళ్లికొడుకులా వచ్చాడు. గెలిచాం రోండా, ఏదైనా తీపి చెయ్యి అన్నాడు.

చేశాను. చెర్రీ పైని పొయ్యిలో పెట్టి, ఆయన ఛార్జింగ్‌లో పెట్టిన ఫోన్‌ని లాప్‌టాప్‌కి తగిలించి చూశాను. రాలేదు. ఫోన్ ఆపి, మళ్లీ వెలిగించి చూశాను. రాలేదు. తన మనుషుల పరువు కాపాడటానికి ఆయన వేసిన ఒట్టే నా సీటు మీద మట్టి కప్పింది. ఏడవాలో నవ్వాలో తెలియక పిండి చేతులతో అలా కూర్చున్నాను.

దగ్గర్లో ఉన్న లైబ్రరీ మంగళ, శనివారాలు తప్ప తెరవరు. ఆర్డిస్ ఇంట్లో గోడకి తగిలించిన పాత ఫోన్ తప్ప ఏమీ లేదు. రెండు గంటల దూరంలో ఉన్న పట్నానికి నేను తీసుకెళ్తాను అన్నాడు లైల్. తీసుకెళ్లొచ్చు. కానీ కోత మధ్యలో ఒక మిషను నడిపేవాడూ, వండిపెట్టే మనిషీ ఇద్దరూ మాయమైతే ఏం చెప్పాలి? చెప్పి వెళ్దాం అన్నాను. ఆదివారం చెప్పలేదు. సోమవారం, మంగళవారం కూడా చెప్పలేదు. ప్రతిసారీ ఆయన ఆ ఫోన్ అమ్మాయి తనని ఎంత నమ్మిందో చెప్పడం మొదలుపెట్టేవాడు.

బుధవారం మధ్యాహ్నం భోజనాలకి ఆర్డిస్ కూడా చేలోకి వచ్చింది. ఆమె చేను ఆ ఏడు విరగపండింది. వచ్చిందంటే ఎల్డన్‌తో కూలి రేటు మీద ఒక విడత సరదాగా పోట్లాడాల్సిందే, అది ఏటేటా జరిగే తంతు. మా పనిలో రేటుని ఇరవై-ఇరవై-ఇరవై అంటారు. ఎకరం కోస్తే ఇరవై డాలర్లు. బుషెల్ అంటే మా గింజల కొలత, ఇరవై ఏడు కిలోలు; ఎకరానికి ఇరవై బుషెళ్లు దాటి పండితే, దాటిన ప్రతి బుషెల్‌కి ఇరవై సెంట్లు అదనం. గోదాముకి మోసినందుకు బుషెల్‌కి ఇంకో ఇరవై సెంట్లు. మా తాతల నాటి పద్ధతి, ఎవరూ కాదనరు. ఆర్డిస్ తప్ప.

"ఎకరానికి ఇరవై ఇచ్చాను, కోశావు. మళ్లీ ఈ మధ్యలో సెంట్లేమిటోయ్ ఎల్డన్? చేను నాది, గింజ నాది. బాగా పండించినందుకు నాకు జుర్మానానా?" అంది చికెన్ ముక్క చేత్తో ఊపుతూ.

ఎల్డన్ ఓపిగ్గా, ఏటా చెప్పినట్టే చెప్పాడు. "పల్చటి చేనైతే మిషను పరిగెడుతుంది. నీది దట్టం. అంతా ఆ ఒక్క నోట్లోంచే పోవాలి. మెల్లగా నడుస్తుంది, డీజిల్ తాగుతుంది, పళ్లు అరుగుతాయి. ఎక్కువ లాగితే ఎక్కువ కట్టాలి. ఇందులో మోసమేముంది ఆర్డిస్?"

నేను బీన్స్ వడ్డిస్తున్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా ఊడిపడిందో నాకే తెలీదు.

"ఫోన్ కంపెనీ వాళ్లు కూడా అదే అంటారు బాస్."

లైల్ తన పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆర్డిస్ చికెన్ ముక్క కింద పెట్టింది. ఏమంటారని ఎల్డన్ అడిగాడు.

"లాప్‌టాప్ తగిలిస్తే ఎక్కువ లాగుతుందంటారు. లాగింది నేను. జూన్ నుంచి, ప్రతి బుధవారం."

నేనిక ఆగలేదు. కాలేజీ, సీటు, రేపటి పరీక్ష, అన్నీ గరిటె పట్టుకునే చెప్పేశాను. వచ్చే వేసవి నేను ముఠాతో రానని కూడా. పన్నెండేళ్లు ఆ మనిషికి వండిపెట్టాను, నాకు ఆయనంటే ప్రాణం.

అలవాటు కొద్దీ ఆ రోజు కూడా గింజలతోనే చేసిన చెర్రీ పై ముక్క ఎల్డన్ పళ్లెంలో మిగిలి ఉంది, దాని వైపు చూశాడు. ఒక గింజ వేళ్లతో తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అందుకా గింజలు" అన్నాడు.

ఆర్డిస్ పగలబడి నవ్వింది. నలభై ఆరేళ్లుగా ఇరవై-ఇరవై-ఇరవై అని నా దగ్గర గుంజుతున్నావు, ఒక్క ఇరవై నీకు పడేసరికి అయిదు రాష్ట్రాలు దద్దరిల్లాయా అంది. ఎల్డన్ లేచి, టోపీ సర్దుకుని, లారీ ఎక్కాడు. ఈసారి గొంతు పెంచలేదు. అద్దం దించి ఉంది కాబట్టి నాకు వినిపించింది.

"శనివారం మాట్లాడిన అమ్మాయి కావాలి. లేదా? సరే, ఆమెకి చెప్పండి. ఎల్డన్ ష్రాగ్ చెప్పింది తప్పు. తెలియక చెప్పాను, అయినా తప్పు తప్పే. మా ఇంట్లోనే వాడారు. మా కోడలు, చదువుకోసం. మూసిందాన్ని తెరిచి ఆ ఇరవై వెయ్యండి. జూన్ది కూడా వెయ్యండి." అద్దంలోంచి నా వైపు చూశాడు. "రేపు పదికల్లా రావాలి. ఆవిడకి పరీక్ష ఉంది."

దిగొచ్చి నన్ను ఒకే ప్రశ్న అడిగాడు. ఈ చేలో సిగ్నల్ బాగా అందేదెక్కడ? గుట్ట మీద అన్నాను. ఎండలో కూర్చుని రాస్తావా అన్నాడు. రాస్తాను అన్నాను. తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకి ఆయన రెండో నంబరు మిషనుని గుట్ట మీదికి తోలించి, ఇంజను ఆపకుండా నిలబెట్టించాడు, లోపల ఏసీ నడవాలని. మా ఇంట్లో ఎండిన గోధుమ నిలబడి ఉండగా మిషను ఆపడమనేది లేదు. మా అత్తగారి అంత్యక్రియల రోజు కూడా పదకొండింటిదాకా కోసి, స్నానాలు చేసి చర్చికి వెళ్లారు. అలాంటి మనిషి రెండు గంటలపాటు ఒక మిషను నాకిచ్చాడు. మెట్లెక్కి కూర్చున్నాక కిందనుంచి చెయ్యెత్తి ఫోన్ అందించాడు. తీగ తగిలించాను. వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఫోన్ నా దగ్గరుంటే ఆయనకి రాడార్ ఉండదు. పడమట నల్లగా పట్టుకొస్తోంది. ఆ నెలలో నెబ్రాస్కాలో ఆ రంగు మబ్బంటే వడగళ్లు. గంటలో చేను నేలమట్టమవుతుంది. తలుపు తెరిచి, రాడార్ ఒక్కసారి చూసుకోండి బాస్, అన్నాను.

"రాడార్ లేనప్పుడు కూడా కోశాను" అన్నాడు. "నీ పని చూసుకో."

పరీక్ష రాశాను. మధ్యలో తలెత్తినప్పుడల్లా అద్దంలోంచి ఆయనే కనిపించేవాడు. చేను గట్టున నిలబడి, టోపీ తీసి, మెడ వెనక్కి వంచి మబ్బునే చూస్తున్నాడు. మిగతా రెండు మిషన్లనీ రేడియోలో ఏ మూల ముందు కొయ్యాలో చెబుతూ నడిపిస్తున్నాడు. ఉత్తరానికి పోతుంది అని అందరికీ చెప్పాడట. అది దక్షిణానికి పోయింది. ఎటో ఒకవైపు పోయిందిగా అన్నాడు తర్వాత.

పన్నెండుకి అయిదు నిమిషాల ముందు ఆఖరి ప్రశ్న అయింది. మార్కులు అక్కడే కనిపించాయి, ఎనభై తొమ్మిది. నేను మెట్లు దిగుతుంటే ఎల్డన్ ఎంతొచ్చిందని అడగలేదు. నా మొహం చూశాడు, లైల్‌ని కేకేసి మిషను ఎక్కమన్నాడు. మబ్బు పోయింది, గోధుమ ఎండి ఉంది అన్నాడు. ఆ సాయంత్రం ఆర్డిస్ ఐస్‌క్రీమ్ డబ్బాతో వచ్చింది. సెంట్లతో సహా లెక్క కట్టింది, ఆ ఏడు ఒక్క మాట అనలేదు.

ఆగస్టులో నేను కాలేజీలో చేరాను. చలికాలమంతా ఎల్డన్, నాన్నగా ఉన్న కాలంలో, మా ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి నేను చేసేది చూస్తూ ఉండేవాడు. ఎందుకో చెప్పలేదు. మేలో మిషను తాళాలు లైల్ చేతికిచ్చి, తాను గరిటె తీసుకున్నాడు.

ఇప్పుడు బాస్ లైల్.

ఆ వేసవి మొదటి బుధవారం మధ్యాహ్నం, చదువులో భాగంగా పని నేర్చుకునే ఆసుపత్రిలో నేను భోజనానికి కూర్చున్నానో లేదో, నా లాప్‌టాప్ మోగింది. తెర మీద ఎల్డన్ ముఖం, మరీ దగ్గరగా, ముక్కు మాత్రమే కనిపించేలా. వెనక పికప్, గోధుమ చేను, గాలి చప్పుడు. ఏమైంది, ఎవరికైనా దెబ్బ తగిలిందా అని కంగారుపడ్డాను.

ఏమీ కాలేదన్నాడు. నెల నెలా ఇరవై కడుతున్నాను, ఊరికే పోనివ్వడమెందుకని లాప్‌టాప్ తగిలించి చేశానన్నాడు. బీన్స్‌లో ఉప్పెక్కువైతే ఏం చెయ్యాలని అడిగాడు. చెప్పాను. ఈ ఏడు ఎకరానికి బుషెళ్లు తక్కువొస్తున్నాయని, లైల్ మిషను మరీ తొందరగా తోలుతున్నాడని ఫిర్యాదు చేశాడు. వార్డులో నా పని ఎలా ఉందని అడిగాడు. జవాబు చెబుతూ గోడ గడియారం వైపు చూశాను. పది నిమిషాలు అప్పుడే దాటిపోయాయి.

మీ వాళ్లు తినడం అయిపోయి ఉంటుంది, మిషన్లు ఎక్కాలేమో వెళ్లండి అన్నాను.

ఆయన తెరకి ఇంకా దగ్గరగా వచ్చి, ఎవరూ వినకూడదన్నట్టు గొంతు తగ్గించాడు.

"కంగారేం లేదు. ఇవాళ చెర్రీ పై చేశాను. గింజలు తియ్యలేదు."